బోటి వాసన కొట్టిన మామిడి ఐసు

మా చిన్నప్పుడు... గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసకంతా ఒక్కటే ఫ్రిజ్. ఎదురింటి సరోజత్తది. అందరి సామానూ అందులోకే... పులిసిన దోసెల పిండి, మల్లెపూలు, ఎండుచేపల కూర. తలుపు తీస్తే ఆ వాసనలన్నీ కలిసి గుప్పుమనేవి.

ఆ ఎండాకాలం మా బాపు అన్నం ముట్టడం మానేశాడు. గనిలో డ్యూటీ దిగి వచ్చి, "నోరంత బొగ్గు రుచేనే..." అని పళ్లెం జరిపేసేవాడు. చొక్కా వదులైపోయింది. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకోవడం చూశాను.

మా ఇంట్లో మొదట బడికి వెళ్లింది నేనే. నీళ్లు గడ్డకట్టే పాఠం చదివి ఉన్నాను కదా... మామిడిపండ్లు పిసికి, చక్కెర కలిపి, స్టీలు గ్లాసులో పోసి ఫ్రిజ్‌లో పైన ఐసు అరలో పెట్టి వచ్చాను. చల్లగా ఉంటే బాపు తింటాడని ఆశ. మూత పెట్టాలని ఆ పాఠంలో లేదు.

అది ఆదివారం. బాపు షిఫ్టువాళ్లు కలిసి మేకను కోసి, పోగులు వేసి పంచుకున్నారు.

మర్నాడు బాపు రాగానే, మీద ఒరిగి ఉన్న ఏదో సంచిని పక్కకు జరిపి గ్లాసు తెచ్చిచ్చాను. పైన గులాబీరంగు చార... అత్త షర్బత్ పోసిందేమో అని మురిసిపోయాను. బాపు ఒక చెంచా నోట్లో పెట్టుకుని, గ్లాసును ముక్కు దగ్గర పెట్టి చూశాడు.

"బిడ్డా... దీంట్ల ఏం కలిపినవే?"

"మామిడి రసం, చక్కెర... గంతే బాపు."

"మరి బోటి వాసనేంది?"

నేనూ నోట్లో పెట్టుకున్నాను. ఛీ! తియ్యటి మామిడిలో పచ్చి పేగుల నీచు... చల్లటి కొవ్వు అంగిలికి అతుక్కుపోయింది. నల్లా దగ్గరికి పరుగెత్తి కక్కుకున్నాను.

తర్వాత సరోజత్త మీదికి పోయాను. "నీ బోటి సంచి నా ఐసుల కారింది అత్తా!"

"నాదెక్కడిదే? అది మీ పోగే! మీ అమ్మనే పెట్టిపోయింది."

గడపలో బాపు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "బొగ్గు రుచే నయముండె బిడ్డా! జల్ది అన్నం పెట్టుర్రి... ఈ నీచు పోవాలె."

ఆ రోజు పళ్లెం ఊడ్చి తిన్నాడు.

మొన్న హైదరాబాద్‌లో, పాలు కలపని మామిడి ఐస్‌క్రీం అని గాజు గిన్నెలో ఇచ్చారు. నీచు లేదు... మామిడి వాసన కూడా లేదు. సబ్బు నాకినట్టుంది. సగంలో వదిలేశాను.

ఇప్పుడు మా వరుసలో ఇంటికో ఫ్రిజ్... ఒకరింటి వాసన ఇంకొకరికి అంటడమే లేదు.

మీ వాడలో ఆ ఒక్క ఫ్రిజ్ ఎవరింట్లో ఉండేది? అందులో మీ నోటికి తగిలిన రోత ఏంటో చెప్పండి...