వెనక నాలుగు తెల్ల కాగితాలు

రాజధాని కర్నూలుకు వచ్చిన కొత్తలో నేను అక్కడ కాలేజీలో చదువుతుండేవాణ్ణి. ఊరంతా గుడారాలు, గుడారాల్లో ఆఫీసులు, టీ అంగళ్ల ముందు పొద్దస్తమానం వాదనలు. నేను చదివిందానికంటే అరిచిందే ఎక్కువ. పరీక్ష తప్పి పత్తికొండకు తిరిగొచ్చి మా నాయన చిల్లరంగట్లో కూర్చున్నాక కాళ్లూ చేతులూ కట్టేసినట్టయింది. బెల్లం తూకం వేస్తూనే ఎవరో ఒకరితో సమానత్వం గురించి గొడవ పెట్టుకునేవాణ్ణి. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు.

ఆ తిక్కలోంచే మా లిఖిత పత్రిక పుట్టింది. అచ్చు వేయించే తాహతు లేనివాళ్లు అప్పట్లో చేసే పని అదే. చేత్తో రాసిన ఒకే ఒక్క ప్రతిని దారంతో కుట్టి ఇంటింటికీ తిప్పడం. పోస్టాఫీసులో పనిచేసే స్నేహితుడు అట్టమీద బొమ్మ వేశాడు. నా దస్తూరి బాగుంటుందని పేరు, కాబట్టి లోపలి రాతంతా నాది. మొదటి పేజీలో ‘మనుషులంతా ఒక్కటే’ అని ఇంతింత అక్షరాలతో రాశాను. వ్యాసాల కింద పేర్లు వద్దన్నాను. అన్నీ ఒకే చేతిరాతలో ఉంటే ఎవరు రాశారో తెలియదు, ఎవరికీ చిక్కు రాదు. చివర నాలుగు తెల్ల కాగితాలు వదిలాం. చదివిన ప్రతివాళ్లూ వాటి మీద అభిప్రాయం రాసి సంతకం పెట్టి ఇవ్వడం లిఖిత పత్రికల ఆనవాయితీ.

మాలో మూడో మనిషి బోర్డు స్కూలు అయ్యవారు. హరిజనవాడలో పుట్టి, అక్కడే ఉంటూ, ఊరి పిల్లలకు చదువు చెప్పేవాడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద, మాట తక్కువ. ఆయన ఇచ్చిన వ్యాసం పేరు ‘మెట్టు’.

ఒక చిల్లరంగడికి మూడు మెట్లు. ఊరివాళ్లు మూడూ ఎక్కి సరుకు తీసుకుంటారు. వాడనుంచి వచ్చినవాళ్లు మెట్ల కింద నిలబడి దోసిలి పడతారు. చేయి తగలకుండా అంగడాయన పొట్లాన్ని జానెడు ఎత్తునుంచి జారవిడుస్తాడు. ఒకసారి ఉప్పు పొట్లం పిల్లవాడి దోసిట్లో పడకుండా నేలమీద పడి పగిలింది. వాళ్లమ్మ ఆ మట్టీ ఉప్పూ కొంగులో ఎత్తుకుపోయి, నీళ్లలో కలిపి, వడగట్టి, ఆ ఉప్పునీళ్లే పులుసులో పోసింది. వ్యాసం అంతే. తిట్టు ఒక్కటీ లేదు.

చదువుతుంటే నా చెవులు వేడెక్కాయి.

“ఇది మా అంగడే కదా అయ్యవారూ?” అన్నాను.

“యాడికి పోయినా ఇంతేలేప్పా. రాస్తావా, వద్దా?”

“రాస్తా” అన్నాను. ఒక్క మాట మార్చకుండా రాశాను. రాశాక నా అంత మొనగాడు లేడనిపించింది.

పత్రిక పన్నెండు ఇళ్లు తిరిగింది. నేనే తీసుకుపోయి చేతికిచ్చి, రెండ్రోజులాగి వెళ్లి తెచ్చుకునేవాణ్ణి. వీధిలోకి రాగానే చివరి కాగితాలు తెరిచేవాణ్ణి. ‘దస్తూరి ముత్యాలకోవ.’ ‘అట్టబొమ్మ కడు రమ్యం.’ ఉప్పు గురించి ఎవరూ ఎత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆరో ఇంట్లో ఒక రిటైరయిన గుమాస్తా రాశాడు: ‘సొంత అంగడి తప్పును తానే బయటపెట్టిన ఈ యువకుడి ధైర్యం మెచ్చదగినది.’ ఆ తర్వాతి ఇళ్లవాళ్లంతా అదే పాట పాడారు.

నేను కాదని చెప్పాల్సింది. చెబితే అయ్యవారికి చిక్కు వస్తుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సగం నిజం. పొగడ్త తియ్యగా ఉందన్నది మిగతా సగం. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సంగతి మా నాయన చెవిన పడింది. చీవాట్లు తప్పవనుకున్నాను. ఆయన పత్రిక తెరవను కూడా తెరవలేదు, బేరానికొచ్చిన వాళ్లతో చెప్పి నవ్వాడు. “మావోడు మా అంగడినే ఏకిపెట్టినాడంట. నెత్తురు ఉడుకుతాండాది. పెండ్లయితే సల్లబడతాడులే.”

చివరికి మిగిలింది అయ్యవారు. వీధుల వరస చూసుకుని ఇళ్లు రాసుకున్నానేమో, వాడ ఏ వరసలోనూ పడలేదు. అంగడి కాడికి రమ్మని కబురు పెట్టాను. సంతరోజు వచ్చాడు. ఒకచేత్తో తక్కెడ పట్టుకుని, రెండో చేత్తో పత్రిక తీసి, గద్దె మీదనుంచి వంగి ఇచ్చాను. “శానా పేరొచ్చింది అయ్యవారూ మన పత్రికకు!” అని అరిచాను కూడా. ఆయన తలూపి వెళ్లిపోయాడు.

రెండ్రోజులన్నది ఎనిమిది రోజులైంది. ఉండబట్టలేక స్కూలుకే పోయాను. పిల్లలు వెళ్లిపోయారు. ఆయన నల్లబల్ల తుడుస్తున్నాడు. పత్రిక నా చేతిలో పెట్టాడు. చివరి కాగితం తెరిచాను.

‘మెట్టు రాసింది నేను. ఈ పత్రిక కూడా నా దోసిట్లోకి పైనుంచే పడింది.’ కింద పూర్తి పేరు, వాడ పేరు.

“లేదు అయ్యవారూ, నేను...” అని ఆగిపోయాను. ఆయన మెట్ల కింద నిలబడటం, రెండు చేతులూ చాపడం, జానెడు పైనే నా వేళ్లు విడిపోవడం అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. కావాలని చేయలేదు. కావాలని చేయకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

“ఇది చూస్తే మీ ఉద్యోగం ఉంటుందా?” అన్నాను.

“అది నేను చూసుకుంటాలే. చదివినోళ్లందరికీ మళ్లా చూపించు. సేతగాదంటే చించేయప్పా. నీ ఇష్టం.”

మూడు రోజులు వంకగట్టు మీద తిరిగాను, మళ్లీ తిరిగాను. ఒకసారి ఆ కాగితం చించబోయాను కూడా. కాగితాలు మధ్యకు మడిచి కుట్టినవి. చివరిది లాగితే దాని జత అయిన మొదటి పేజీ కూడా ఊడొస్తోంది. ‘మనుషులంతా ఒక్కటే’ నా చేతిలోకి రాబోతుంటే ఆగిపోయాను. దారం బిగించి మళ్లీ కుట్టాను.

పన్నెండు ఇళ్లకంటే ముందు మా నాయనకు చూపించాలనుకున్నాను. మధ్యాహ్నం బేరాల్లేని వేళ వీధిలోంచి వచ్చి, మెట్ల కిందనుంచే పత్రిక అందించాను.

“ఏముండాదిలేరా దీంట్లో” అన్నాడు.

“చివరి కాగితం చదువు నాయనా. తర్వాత ‘మెట్టు’ చదువు.”

రెండూ చదివాడు. నవ్వలేదు.

“అయితే ఇది రాసింది నువ్వు గాదా?”

“కాదు.”

“వాడా?”

“ఆయన.”

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. పత్రిక మూసి గద్దె అంచుకు వచ్చాడు. తీసుకోవడానికి రెండు చేతులూ చాపాను. నా అరచేతులకు జానెడు ఎత్తున పత్రిక ఆగింది. ఆయన వేళ్లు విడిపోయాయి.