సూర్యుడికి ఎదురు తిరిగిన పడవలు

నేను ఎర అమ్ముతాను. లాంగ్ లెడ్జ్ రేవులో ముప్పై ఒక్క ఏళ్లుగా ఉప్పేసిన హెర్రింగ్ చేపల మధ్య బతుకుతున్నదాన్ని. నా కొట్లోకి వచ్చినవాళ్లు ఎర పుచ్చుకుని వెళ్లిపోతారు గాని కూర్చోరు. వెస్టన్ గోరమ్ మాత్రం కూర్చునేవాడు. వాడికి ఆ కంపూ పట్టేది కాదు, నా నోరూ పట్టేది కాదు.

వాడి గురించి రాయమని వాడి భార్య మార్లీన్ అడిగింది. "నువ్వయితే పొగడవు ఎఫీ, ఉన్నదున్నట్టు చెబుతావు" అంది. పొగడకుండా ఎంతవరకు రాయగలనో చూద్దాం.

వెస్టన్‌కి నలభై ఆరేళ్లు. పద్నాలుగో ఏట తండ్రి పడవలో కళాసీగా ఎక్కాడు, ఇరవై ఎనిమిదికి సొంత పడవకి సరంగయ్యాడు. వాడి లాబ్‌స్టర్ బోనులు ఎక్కడున్నాయో చెప్పే బెండ్లకి పసుపు రంగు, నడుమ నల్ల పట్టీ. తండ్రి నేర్పిన పద్ధతి ఒక్కటీ తప్పేవాడు కాదు. పడవలో పంది మాట ఎత్తకూడదు. అరల మూతలు తలకిందులుగా పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, రేవు నోరు దాటేటప్పుడు పడవని సూర్యుడి వెంట తిప్పాలి, అంటే గడియారం ముల్లు తిరిగినట్టు కుడివైపుకి. ఎడమకి తిప్పితే సూర్యుడికి ఎదురు తిరిగినట్టు. అలా తిప్పినవాడు తన మనుషుల్లో ఒకరిని సముద్రానికి ఇచ్చి వస్తాడని మా తాతల నాటి నమ్మకం.

రెండేళ్ల కిందట, నవంబరు ఆఖరి సోమవారం, లాబ్‌స్టర్ పట్టే సీజను మొదటి రోజు. ఆ రోజు ఊరు ఊరంతా రేవులోనే ఉంటుంది. ఇంటెత్తు బోనులు పేర్చుకుని పడవలన్నీ వరసగా వెళ్లిపోయాయి. వెస్టన్ పడవ ఇంజను మాత్రం మొరాయించింది. దాన్ని బాగుచేసుకుని బయల్దేరేసరికి రెండు గంటలు ఆలస్యమైంది, జనం అప్పటికే కాఫీలకి ఇళ్లకి పోయారు. ఆ మధ్యాహ్నం బోనులు నీళ్లలోకి తోస్తుంటే, జారిపోతున్న తాడు డార్సీ కాలికి చుట్టుకుంది. డార్సీ వాడి కళాసీ, బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడు. బోనుల బరువు అతన్ని కిందికి లాక్కుపోయింది. వెస్టన్ ఆ తాడుని వెనక్కి లాగి డార్సీని పైకి తెచ్చాడు. రెండో కళాసీ పడవ నడుపుతుంటే, రేవు చేరేదాకా డార్సీ గుండె మీద నొక్కుతూనే ఉన్నాడు. డార్సీ కళ్లు తెరవలేదు.

తాడు పడవ అంచు మీద జారే ఆ చప్పుడు వెస్టన్ చెవుల్లో ఉండిపోయింది. అలాంటిది ఎక్కడ వినబడ్డా ఒళ్లు కొయ్యబారిపోయేది, చెమటలు పట్టేవి, ఆ పూటంతా నోట మాట ఉండేది కాదు. మా ఇళ్లలో బట్టల దండెం గుమ్మం దగ్గర్నుంచి దూరంగా స్తంభం దాకా కప్పీల మీద తిరుగుతుంది. ఒకరోజు మార్లీన్ దుప్పట్లు ఆరేస్తూ ఆ తాడు లాగింది. ఇంట్లో ఉన్న వెస్టన్ టేబుల్ కిందికి దూరాడు. అంతే, ఆనాటి నుంచి మార్లీన్ బట్టలు వంటింట్లోనే ఆరేసుకుంది. రెండేళ్లు ఆ దండెం ఖాళీగా ఊగింది. ఊరంతా చూసింది, ఎవరూ అడగలేదు. మావాళ్లు మనసులో మాట పైకి చెప్పరు. చెప్పా పెట్టకుండా వచ్చి వాకిట్లో మంచు తీసేసి పోతారు. డార్సీ తల్లి యూనా అయితే ప్రతి ఆదివారం ‘ఆపిల్ పై’, అంటే ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన తీపి రొట్టె, చేసి వాళ్లింటికి పంపేది. వెస్టన్ దాన్ని తినలేకపోయేవాడు, పారేయనిచ్చేవాడూ కాదు.

డాక్టరు ఆ జబ్బుకి పొడుగాటి పేరొకటి చెప్పి, పక్క టౌనులో చర్చి కింది గదిలో ఇలాంటివి పడ్డవాళ్లు గురువారం గురువారం కలిసి మాట్లాడుకునే కూటానికి పంపించాడు. మొదటి వారం వెస్టన్ ట్రక్కు దిగలేదు. రెండో వారమూ అంతే. అప్పుడు ఆ కూటం నడిపే రోడా బయటికొచ్చింది. ఆమె ఒకప్పుడు అంబులెన్సులో పనిచేసింది, ఆమెకీ ఇలాంటిదే అయిందట. టీ కప్పు పట్టుకుని ట్రక్కు తలుపు తీసి వాడి పక్కన కూర్చుంది.

"లోపలికి రమ్మంటారా?" అన్నాడు వెస్టన్.

"నేనేమీ అనలేదే. లోపల చలిగా ఉంది, నీ హీటరు బాగుంది" అంది.

గంటసేపు అక్కడే కూర్చుని టీ తాగి పోయింది. మూడో వారం కూడా వచ్చి కూర్చుని, "చూడు నాయనా, వచ్చే వారమైనా నువ్వు లోపలికి రా, లేకపోతే ఈ సీటైనా మార్పించు. నా నడుం పోతోంది" అంది. వాడు నవ్వాడట. నాలుగో వారం లోపలికి వెళ్లాడు.

కొన్నాళ్లకి రోడా వాడి చేతిలో జానెడు తాడు ముక్క పెట్టింది. "ఇది ఎవర్నీ ఎక్కడికీ లాక్కుపోలేదు. జేబులో వేసుకుని తిరుగు, చాలు" అంది. నెల రోజులు తిరిగాడు. తర్వాత సన్న తాడుతో బోనుల లోపలి వలలు అల్లడం మొదలుపెట్టాడు. లాబ్‌స్టర్ లోపలికి పోవడానికే తప్ప బయటికి రావడానికి వీల్లేకుండా ఉండే గరాటు వలలవి. పోయిన చలికాలం రేవులో సగం బోనులకి వాడు అల్లినవే. రాత్రికి గంటన్నర పట్టే నిద్ర నాలుగు గంటలైంది. ఎలా ఉన్నావురా అంటే "నిన్నటికంటే మేలు అక్కా" అనేవాడు.

పడవ మాత్రం ఎక్కేవాడు కాదు. వాడి చినాన్న కొడుకు గ్రాంట్ దాన్ని నడిపాడు. చివరికి పక్క రేవు నుంచి ఒకాయన పడవా లైసెన్సూ రెండూ కొంటానన్నాడు. ఈ సీజను మొదలైన వారంలో సంతకాలు. లైసెన్సు ఒకసారి చెయ్యి దాటితే మళ్లీ రాదు. మార్లీన్ నా దగ్గర ఏడ్చింది. "పడవ పోతే పోయింది ఎఫీ. కానీ దానికి వీడు తగడని వీడే తేల్చేసుకున్నాడు, అదీ నా బాధ" అంది.

అక్టోబరులో ఒక సాయంత్రం వెస్టన్ వలలు ఇవ్వడానికి వచ్చి, ఎర పీపా మీద కూర్చుని, ఉన్నట్టుండి చెప్పాడు.

"ఆ రోజు ఎడమకి తిప్పాను అక్కా."

"ఏంటి?"

"డార్సీ పోయిన రోజు. ఆలస్యమైపోయింది, నీళ్లు తీసేశాయి. రేవు నోటి దగ్గర కొత్త రాళ్ల గట్టు కట్టాక ఆటులో కుడికి తిప్పితే పడవ అడుగు రాళ్లకి తగులుతుంది కదా. మామూలుగా పోటు వచ్చేదాకా ఆగేవాణ్ణి. ఆ రోజు ఆగలేదు. సూర్యుడికి ఎదురు తిప్పి తీసుకెళ్లాను వాణ్ణి. రోడాకి కూడా చెప్పలేదు. పడవ మనిషి కాదు, ఆమెకేం తెలుస్తుంది?"

నేను నవ్వాను. అవును, నవ్వేశాను. నా బుద్ధికి నేనే చెప్పు తీసుకుని కొట్టుకోవాలి. నవ్వెందుకొచ్చిందంటే, నా కొట్టు కిటికీ సరిగ్గా రేవు నోటికి ఎదురుగా ఉంటుంది. గట్టు కట్టిన ఆరేళ్లుగా, నీళ్లు తక్కువున్న ప్రతి వేకువా, ఈ రేవు సరంగులందరూ చీకటి మాటున ఎడమకే తిప్పుకుని పోతున్నారు. ఎవరికి వాళ్లు తామొక్కళ్లే తప్పు చేస్తున్నామనుకుని నోరు కుట్టుకున్నారు. పోటు కోసం పిచ్చివాడిలా ఆగేది వెస్టన్ ఒక్కడే. వాడు బద్ధకస్తుడనుకునేదాన్ని.

"ఒరేయ్, అందరూ ఎడమకే తిప్పుతార్రా!" అన్నాను.

వాడు లేచి నిలబడ్డాడు. "నా మీద జాలితో అబద్ధాలాడకు అక్కా. నువ్వు కూడానా?" అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే క్లేటన్ ఇంటికి పోయాను. ఆయనకి ఎనభై ఒకటి, మా రేవుకి పెద్ద సరంగు, సీజను మొదటి పడవ ఆయనదే. ఒకసారి ఎవరో పడవలోకి పంది మాంసం సాండ్‌విచ్ తెచ్చారని పడవ వెనక్కి తిప్పేసిన మనిషి. జరిగిందంతా చెప్పాను.

"నేనెప్పుడూ ఎడమకి తిప్పలేదే పిల్లా" అన్నాడు కళ్లు పక్కకి తిప్పుకుని.

"బాబాయ్, నాకు కిటికీ ఉంది."

"చీకట్లో నీకేం కనపడుతుందే?"

"నీ పడవకి దీపాలున్నాయి. ఒప్పుకుంటావా, రేపు నీ పడవెక్కి పంది పంది అని పదిసార్లు అరవమంటావా?"

ముసలాయన గభాలున లేచి తలుపు మూసొచ్చాడు. వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత, "రెండేళ్లు దీన్ని మోస్తున్నాడా వాడు?" అన్నాడు. "వాడి తండ్రీ నేనూ కలిసి పెరిగాం. ఇలాంటిది చెబితే వాడు నమ్మడే. చూపించాలి."

గాలి వల్ల ఈసారి సీజను రెండు రోజులు ఆలస్యమై, తెల్లవారాక మొదలైంది. వెస్టన్ వచ్చాడు. రేవులో నిలబడి చూడు, అంతకన్నా ఏమీ చేయనక్కర్లేదని రోడా చెప్పిందట. ఒక పక్క మార్లీన్, ఇంకో పక్క యూనా, వెనక నేను. వాడి చెయ్యి జేబులో ఉంది, ఆ తాడు ముక్క మీద.

క్లేటన్ పడవ కదిలింది. రేవు నోటి దగ్గర నెమ్మదించింది. తర్వాత, ఊరంతా చూస్తుండగా, తాపీగా ఎడమకి తిరిగింది. ముసలమ్మలు గుండెల మీద చేతులేసుకున్నారు. పాస్టరు కూడా నోరు తెరిచాడు.

రెండో పడవ ఎడమకే తిరిగింది. మూడోది. నాలుగోది. వరసగా ఒక్కొక్కటే అందరి ముందూ సూర్యుడికి ఎదురు తిరుగుతూ హారన్ కొట్టుకుంటూ పోయాయి.

వెస్టన్ నా వైపు తిరిగాడు. ముఖం తెల్లగా పాలిపోయింది.

"అక్కా, నిండు పోటు కదా ఇప్పుడు. కుడికి తిప్పడానికి అడ్డేముంది?"

"ఏమీ లేదు" అన్నాను.

"మరెందుకు..." అని ఆగిపోయాడు. వాళ్లు ఇన్నాళ్లూ దాచుకున్నది వాడి కోసమే బయటపెట్టారని వాడికి అర్థమైంది. నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఏడ్చాడు, రెండేళ్లలో మేమెవరం చూడని ఏడుపు. యూనా వాడి చెయ్యి పట్టుకుని, "పోరా. నా కొడుకే ఉంటే నీ కోసం ఇక్కడ నిలబడి విసుక్కునేవాడు ఈపాటికి" అంది.

ఆఖరి పడవ వాడిదే. గ్రాంట్ ఇంజను వేసుకుని చూస్తున్నాడు. వెస్టన్ నిచ్చెన దిగి, "గ్రాంట్, కాస్త జరుగు" అన్నాడు. వాడే నడిపాడు. ఎడమకే తిప్పాడు.

ఒక్కరోజులో అన్నీ నయమైపోయాయని రాస్తే రోడా నన్ను తంతుంది. ఆ రోజు తాళ్లన్నీ గ్రాంటూ కళాసీలే చూసుకున్నారు. వెస్టన్ చుక్కాని వదల్లేదు. రెండుసార్లు వాంతి చేసుకున్నాడట. ఇప్పటికీ గురువారం కూటానికి వెళతాడు, చెడ్డ రోజులు ఇప్పటికీ వస్తాయి. సంతకం మాత్రం పెట్టలేదు. ఆదివారం యూనా పంపిన ఆపిల్ పైలో పెద్ద ముక్క తిన్నాడు. క్లేటన్ బాబాయికి నేను రుణపడి ఉన్నానని చెబితే, "నోర్మూసుకో, ఎర తూకం సరిగ్గా వెయ్యి చాలు" అన్నాడు.

పోయిన మంగళవారం పొద్దున్నే వాళ్ల ఇంటి మీదుగా వస్తున్నాను. మార్లీన్ గుమ్మంలో బట్టల క్లిప్పులు అందిస్తోంది. వెస్టన్ దండెం తాడు లాగుతున్నాడు. కప్పీ కీచుమంటోంది, తాడు జారుతోంది, అయినా లాగుతున్నాడు. ఒక్కో దుప్పటీ బయటికి వెళుతోంది. నన్ను చూసి, "ఏంటక్కా, ఎప్పుడూ దుప్పట్లు చూడలేదా?" అన్నాడు.

చూశానురా. రెండేళ్లయింది.