ఉమామహేశ్వరరావు చూసిన చుక్క

నందిగాం పురోహితుడు ఉమామహేశ్వరరావుకి అచ్చు పంచాంగమంటే ఒళ్ళు మంట. అందులో వేసే సూర్యాస్తమయం హైదరాబాదుది. "మనం వాళ్ళకి తూర్పున ఉన్నాం. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మనకి ముందే పొద్దు గూకుతుంది. అక్కడి పొద్దుకి ఇక్కడ దీపం పెడతామా?" అని పెళ్ళిపందిట్లో కూడా వాదం వేసుకునేవాడు. ఒక్క నిమిషం తేడా వచ్చిందని ఒక షావుకారు పెళ్ళిలో తాళిబొట్టు పట్టుకున్న వరుడి చెయ్యి ఆపేసిన ఘనుడు. బడిపిల్లల అట్లాసులో ఊరి రేఖాంశం పట్టుకుని, శుభలేఖల వెనక లెక్కలు కట్టి, పొద్దు మునిగిన ఎంతసేపటికి మొదటి చుక్క పొడుస్తుందో కూడా తేల్చుకున్నాడు.

కార్తీక సోమవారాలొస్తే ఆ లెక్కకి గిరాకీ. పగలంతా ఉపవాసమున్న ఆడవాళ్ళు చుక్కని చూసిగాని ముద్ద ముట్టరు. మబ్బు పట్టిందా, ఆయన మాటే చుక్క.

రెండువేల మూడులో ఒక సోమవారం వాయుగుండం పట్టింది. చీకటి పడ్డాక ఎదురింటి రాజులమ్మ కేకేసింది. "పంతులుగోరూ, సుక్క పొడిసిందేటండీ?"

"పొడిచింది. వెళ్ళి తిను."

వీధంతా తిన్నది. ఆయన భార్య జగదాంబ తినలేదు.

ఆవిడకి షుగరు. కిందటి సోమవారం వంటింట్లో కళ్ళు తిరిగి పడితే, పలాస డాక్టరు ఉపవాసాలు వద్దని గట్టిగా చెప్పాడు. వింటేగా! "మీ లెక్క ఊరికి సరే. నా మొక్కు కంటితో చూడడం. నేను లేవలేను, నా బదులు మీ కంటితో చూసొచ్చి చెప్పండి, తింటాను" అని విస్తరి ముందు కూర్చుంది.

ఆయన గొడుగేసుకుని పెరట్లోకి వెళ్ళాడు. జీడితోట మీద ఆకాశం గోరంత కూడా విడలేదు. కిటికీలోంచి చూస్తే ఆవిడ చేతులు వణుకుతున్నాయి. ఆయనకి భయం వేసింది.

లోపలికొచ్చి, "చూశాను" అన్నాడు.

"ఎక్కడ?"

"జీడితోట మీద. కాస్త మబ్బు విడింది."

జగదాంబ గుమ్మంలో నీళ్ళు కారుతున్న గొడుగు వంక చూసింది. అన్నం కలుపుకుని తిన్నది. ఆఖరి ముద్ద మింగి, చెయ్యి కడుక్కుని అప్పుడంది.

"నిమిషం తేడాకి తాళి ఆపిన మనిషి, నా కోసం అబద్ధమాడారు. ఆ పాపం శివుడితో మీరే తేల్చుకోండి. ముందు కూర్చోండి, చారు చల్లారిపోతోంది."