ఎర్ర బండ్లు, నీలం బండ్లు, మా నాన్న వ్యాను

మా మావయ్య తాళంచెవులు చేస్తాడు. పేటలో సగం తలుపులు ఆయన చేతి చలవతోనే తెరుచుకుంటాయి. ఆయన మాత్రం ఎవరినీ నమ్మడు. ఎదుటివాడు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. అలాంటివాడికి కారు పందేల పిచ్చి పట్టడంలో వింతేముంది? శుక్రవారం ప్రాక్టీసులో నీలం జట్టు నెమ్మదిగా తిరిగితే, "వేగం దాస్తున్నారు దొంగవెధవలు" అంటాడు.

ఆయనది ఎర్ర జట్టు. బడిపిల్లల వ్యాను నడిపే మా నాన్నది నీలం జట్టు. పందెం ఉన్న ఆదివారం మధ్యాహ్నం మావయ్య కొట్టు షట్టరు సగం దించి, వెనక గదిలో టీవీ ముందు ఇద్దరూ కొట్టుకున్నంత పని చేస్తారు. టైర్లు ఎప్పుడు మార్చాలి, ఎవరి వేగం చివరిదాకా నిలుస్తుంది, ఇదే గొడవ. వ్యాఖ్యాతలు నీలం జట్టుకు అమ్ముడుపోయారని మావయ్య టీవీ గొంతు నొక్కేస్తాడు. అయినా తెర మూలన పడే, బండ్ల మధ్య తేడా చూపే అంకెల్ని నాన్నే ముందు చదివి ఎగతాళి చేసేవాడు.

ఈ ఏడు నాన్న అంకెలు చదవడం మానేశాడు. "ఎంత తేడా ఉందిరా?" అని అడగడం మొదలుపెట్టాడు.

"మీ నాన్న ఏదో ఎత్తు వేస్తున్నాడే," అన్నాడు మావయ్య నాతో. "నా నోటితోనే చెప్పించి నన్ను ఇరికించాలని చూస్తున్నాడు."

"నీకు అందరి మీదా అనుమానమే!" అని కసిరాను. నాకు ఒళ్లు మండింది.

మొన్న ఆదివారం మావయ్య పరీక్ష పెట్టాడు. ముందు నీలం బండి, వెనకాల ఎర్రది. నీలం టైర్లు అరిగిపోయి, చుట్టుచుట్టుకీ తేడా తగ్గిపోతోంది. నాన్న అడగ్గానే మావయ్య ముఖం వేలాడేసుకుని, "పెరుగుతోంది బావా. మావాళ్ల పనైపోయింది" అన్నాడు.

నాన్న తొడ చరిచాడు. "చూశావా! ఇంక టైర్లు మార్చే పనే లేదు. ఇలాగే పోనిస్తే గెలుపు మాదే!"

మావయ్య పగలబడి నవ్వబోయాడు. అంతలో తెర మీద ఎర్ర బండి నీలం బండిని దాటేసింది. నాన్న ఇంకా తొడ చరుస్తూనే ఉన్నాడు.

మనుషులు బలం దాస్తారనే మావయ్య ఇన్నాళ్లూ అనుమానించాడు. బలహీనత దాస్తారని ఆయనకి తట్టలేదు. ఒకే ఇంట్లో ఉంటూ నాకూ తట్టలేదు.

"ఎన్నాళ్లనుంచి బావా?"

నాన్నకి తను పట్టుబడ్డట్టు అర్థమైంది. "కాస్త మసకేరా. తెలిసిన దారేగా. మీ అక్కకి చెప్పకు."

"రేప్పొద్దున పిల్లలు ఎక్కుతారుగా?"

మావయ్య చెయ్యి చాచాడు. "వ్యాను తాళం ఇలా ఇవ్వు."

నాన్న జేబులోంచి తీసి ఆయన చేతిలో పడేశాడు. పౌరుషం మాత్రం చావలేదు. "పోరా, ఇంకోటి చేయించుకుంటా."

"ఎవరిచేత? పేట మొత్తానికి నేనొక్కణ్ణే," అన్నాడు మావయ్య. "రేపు నిన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా. పిల్లల్ని నేను తిప్పుతా."

మావయ్య తాళాన్ని జేబులో వేసుకున్నాడు. చివరికి నాన్నే అడిగాడు. "ఇంతకీ ఎవరు ముందున్నారు?"

"మీవాళ్లే బావా," అన్నాడు మావయ్య, తెర వైపు చూడకుండానే.

నాన్న ఆయన్ని నమ్మలేదు. నా వైపు తిరిగి, "నిజమేనా అమ్మా?" అని అడిగాడు.