వేడి చక్రం మీద చన్నీళ్లు

సూరత్‌లో మగ్గాల దగ్గర నుంచి మార్కెట్‌కు బట్ట మోసే పికప్ బండి నాది. నడిపేది మా ఊరి రాజన్న. సాయంత్రం బండి రాగానే చక్రాల మీద పైపుతో నీళ్లు కొట్టి, బొట్టు పెట్టడం నా అలవాటు. తిండి పెట్టే బండి దుమ్ముతో నిలబడకూడదని నా పట్టింపు.

పోయిన ఎండాకాలం బ్రేకు వేస్తే స్టీరింగు వణకడం మొదలైంది. ఒకరోజు నేను పక్కన కూర్చుని ఉండగా, పర్వత్ పాటియా కూడలిలో రాజన్న గట్టిగా బ్రేకు తొక్కాడు. బండంతా ఊగిపోయి, స్కూటరు మీది ఒకావిడకు జానెడు దూరంలో ఆగింది. నా భయమంతా కోపమైంది. కిందికి దిగి, చాయ్ బండి దగ్గరున్న మన తెలుగువాళ్లందరి ముందు తిట్టాను.

"ఎప్పుడు జూసినా నీ కాలు బ్రేకు మీదనే ఉంటది. బండి ఖరాబు జేసినవ్."

రాజన్న తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు మా తెలుగు మెకానిక్ ముందు చక్రం విప్పి, బ్రేకు డిస్కు తిప్పి చూపించాడు. అది వంకరపోయింది.

"బండి రాంగనే, వేడి మీద నీళ్లు కొడ్తున్నరా?" అని అడిగాడు.

కాగిన డిస్కు మీద చన్నీళ్లు పడితే వంకరపోతుందట; రోజూ కొట్టింది నేనే.

డిస్కులు మార్చాక వణుకు పోయింది. రాజన్నకు ఫోన్ చేసి, తప్పు నాదే అన్నాను.

"మంచిదన్నా. గా మాట నన్ను తిట్టిన కాడనే, గా నలుగురి ముంగట చెప్పు. గప్పుడు పనికొస్త" అన్నాడు.

ఇప్పుడు బండి నేనే నడుపుతున్నాను. రోజూ ఆ చాయ్ బండి ముందు నుంచే పోతాను. వాళ్లకు ఇంకా చెప్పలేదు. ముఖం తెలియని మీకు చెప్పడం తేలికగా ఉంది.