రెండో హెచ్‌డీఎంఐలో మావారు

దెయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. ఎలా ఉంటుంది? మావారు డబ్బింగ్ ఆర్టిస్టు. సినిమాల్లో దెయ్యాలకు కూడా ఆయనే గొంతిచ్చేవారు. మా ఫిల్మ్ నగర్ ఇంట్లో నేను పప్పుకి తాలింపు వేస్తుంటే పక్కన నిలబడి ఆ అరుపులు సాధన చేసేవారు.

పోయిన ఏడాది ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన పోయారు. టీవీలో ఆయన గొంతు ఇప్పటికీ వస్తూనే ఉంటుంది, ఇంకొకరి ముఖం మీద. ఓసారి విలన్, ఓసారి ఎవరి మామగారో. ఆయన ఆయనలా మాట్లాడింది మాత్రం ఎక్కడా లేదు. రోజూ వినే గొంతే కదా అని ఇంట్లో ఎవరమూ రికార్డు చేసి పెట్టుకోలేదు. ఆ గొంతు కోసం నేను ఏడవని రోజు లేదు.

ఆ మధ్యాహ్నం టీవీ దగ్గర దుమ్ము తుడుస్తున్నాను. మా సెట్‌టాప్ బాక్సు వైరు టీవీ వెనక మొదటి హెచ్‌డీఎంఐ సాకెట్‌కి ఉంటుంది. గుడ్డ కింద రిమోట్ నొక్కుకుని తెర రెండోదానికి మారింది. దానికి ఏ వైరూ లేదు. ‘సిగ్నల్ లేదు’ అని పడింది.

అప్పుడు దగ్గు వినిపించింది. టేక్‌కి ముందు ఆయన గొంతు సవరించుకునే దగ్గు. తర్వాత మంచినీళ్లు మింగిన చప్పుడు.

“ఈ ముక్కకి ఊపిరి సరిపోలేదండీ. ఇంకోసారి వేస్తారా?”

ఇవి ఏ సినిమాలోనూ ఉండవు. స్టూడియోలో టేకుల మధ్య, అద్దం అవతల కూర్చునే సౌండ్ ఇంజనీరుతో అనే మాటలు. వాటిని ఎవరూ దాచరు, కోసి పారేస్తారు.

కాసేపటికి మళ్లీ అడిగారు. “అవతల ఎవరైనా ఉన్నారా అండీ? వినిపిస్తోందా?”

“ఉన్నానండీ, నేనే” అన్నాను. ఆయనకు వినపడలేదు. మళ్లీ అదే ప్రశ్న, ఇంకా మెల్లగా.

ఆయన వెంట స్టూడియోకి చాలాసార్లు వెళ్లినదాన్ని. అద్దం ఇవతల ఎంత అరిచినా లోపలికి వినపడదు. బల్ల మీది టాక్‌బ్యాక్ బటన్ నొక్కి మైకులో చెప్పాలి. అదే బుర్రలో ఉండి, రిమోట్ మీద మైకు బొమ్మ ఉన్న బటన్ నొక్కాను. “నేనేనండీ, ఇక్కడే ఉన్నాను” అన్నాను.

టీవీ ఆ మాటలనే తెర మీద రాసి, వాటి కోసం వెతికి, కింద ఏవో సినిమా బొమ్మలు పేర్చింది. మళ్లీ రెండోదానికి వచ్చాను. చప్పుడు లేదు.

షేక్‌పేట నుంచి మెకానిక్ వచ్చి టీవీని గోడ మీంచి దించి చూశాడు. “రెండో దాంట్ల ఏం పెట్టలేదమ్మా. ఆవాజ్ ఎట్లొస్తది?” అన్నాడు. పక్కింటి టీవీ అయ్యుంటుందంది మా చెల్లెలు. కావచ్చు. కోసి పారేసిన మాటలు పక్కింటికి మాత్రం ఎలా వస్తాయో నాకు తెలియదు.

ఆ తర్వాత ఎన్నిసార్లు పెట్టి చూశానో. ఏమీ రాలేదు. ఆ గొంతు ఎక్కడిదో తెలియకపోయినా బతికేయగలను. అవతల ఎవరూ లేరనుకుని ఆయన వెళ్లిపోయారేమో అన్నదే తట్టుకోలేకపోతున్నాను.