మా బావ కోసేసిన చైను

మా బావ జగ్గారావుకి నేనంటే ప్రాణమే గానీ, నా మాట మాత్రం తలకెక్కదు. ఆయన తొక్కే సైకిలు ఇప్పించింది నేనే. బదిలీ మీద వెళ్లిపోతున్న నేవీ ఆఫీసరొకాయన గేర్ల సైకిలు అమ్మేస్తున్నాడని నా ఆటో ఎక్కినవాళ్లెవరో చెబితే, పరుగున పోయి బేరమాడి తెచ్చాను. దెబ్బతిన్న మోకాలికి మంచిది, బీచ్‌రోడ్డు మీద చదునుగా ఉన్నచోట తొక్కుకోమని డాక్టరు చెప్పాడు. చదునుగా అన్న ముక్క మా బావ చెవిన పడినట్టు లేదు. ఆ లావు టైర్లు తడిమి చూసి, ఇది కొండలెక్కే బండి కదా అన్నాడు. ఆ రోజే నాకు గుండెల్లో రాయి పడింది.

ఆయన ఓడల దగ్గర ఖలాసీ. బరువులకి గొలుసులు చుట్టి క్రేను కొక్కేనికి తగిలించే పని. జాలరిపేటలో పుట్టినవాడు వల పట్టకుండా గొలుసు పట్టాడని వాళ్ల నాన్న చాలాకాలం మూతి ముడుచుకునే ఉన్నాడు. కొన్నేళ్ల కిందట ఓ కాంట్రాక్టు పనిలో ఇనుప కమ్మీల కట్ట లేపబోతుంటే, గొలుసులో ఒక లింకు బీట వేసిందని మా బావ చూపించాడు. ఈ ఒక్కసారికీ లేపేద్దాం, తర్వాత మారుద్దాం అన్నాడు మేస్త్రి కామరాజు. గొలుసు తెగి, కట్ట వచ్చి మా బావ మోకాలి మీద పడింది. కాలు దక్కింది గానీ ఆ పనికి మళ్లీ పనికిరాలేదు. గొలుసులూ తాళ్లూ ఉండే స్టోరులో స్టూలు వేసి కూర్చోబెట్టారు. అప్పట్నించీ బీట వేసిన గొలుసు ఆయన కంటపడితే అక్కడికక్కడే ముక్కలు చేసేస్తాడు, పొరపాటున ఇంకొకడు దాన్ని కొక్కేనికి తగిలించకుండా. స్టోరులో ఆయన్ని అడిగేవాడు లేడు.

మా పేటవాళ్లూ ఓడల దగ్గర పనివాళ్లూ ఏటా ఓ ఆదివారం పొద్దున్నే బీచ్ నించి కైలాసగిరి కొండ పైకి సైకిళ్లు తొక్కుతారు. మా బావ కూడా బయల్దేరాడు. మొదటిసారీ ఆ తర్వాతిసారీ ఒకటే కథ. ఆఖరి మలుపు దగ్గర మోకాలు మొరాయిస్తుంది, సైకిలు అటూ ఇటూ తూలుతుంది, వెనక నించి కామరాజు వచ్చి వీపు మీద చెయ్యి వేసి పైదాకా తోసుకుపోతాడు. పైన అందరూ చప్పట్లు. కామరాజు మంచివాడే. ఆ ప్రమాదం తర్వాత మా అక్క సన్యాసమ్మ ఎదురుపడితే తలెత్తి చూడలేడు. కానీ ఆ చప్పట్లు విని ఇంటికొచ్చిన మా బావ ఆ పూట అన్నం ముట్టలేదు. ఈసారి వీపు మీద ఎవడి చెయ్యీ పడకూడదు, అంతే ఆయన పంతం. ఏడాదంతా పొద్దున్నే లేచి భీమిలి రోడ్డు అరగదొక్కాడు.

తెల్లారితే కొండెక్కాలి. ముందురోజు మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని కిరోసిన్‌తో చైను కడుగుతున్నాడు. ఉప్పుగాలికి మా పేటలో ఏ ఇనుమూ బాగుండదు. ఒక చోట చెయ్యి ఆపి, చైనుని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. వెంట్రుకంత బీట. ఇంకేముంది, లోపలికి వెళ్లి పెద్ద కట్టరు తెచ్చాడు, టపటపా కోసి పారేశాడు. నేను ఆటో తుడుచుకుంటూ చూస్తూనే ఉన్నాను, పాతది పోయింది కదా అనుకున్నానే తప్ప నాకూ బుర్ర వెలగలేదు. పక్కింటి నూకాలు ఆ ముక్కలు చూసి, వల అడుగున బరువుకి బాగుంటాయని ఏరుకుపోయింది.

నా ఆటోలోనే సైకిలు షాపుకి వెళ్లాం. కొత్త చైన్లన్నీ పొడుగ్గా వస్తాయట. పాతదాని పక్కన పెట్టి, దానంతే కోసుకోవాలట. పాతది ఇవ్వండి అని చెయ్యి చాపాడు షాపాయన. మా బావ నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. మెకానిక్కు పెందుర్తిలో పెళ్లికి పోయాడు, తను అమ్మడం వరకే అన్నాడు షాపాయన. చైనూ, దాని పిన్ను తోసే చిన్న పనిముట్టూ చేతిలో పెట్టాడు. తిరిగొచ్చేసరికి నూకాలు మొగుడు ఆ వలేసుకుని పడవెక్కి పోయాడు. పాత చైను సముద్రంలో చేపలు పడుతోంది.

నాకు ఒళ్లు మండింది. కొనకముందే కోసేవాడు ఈ విశాఖపట్నం మొత్తానికి నువ్వొక్కడివే అన్నాను. ఆయన సైకిలుని తిరగేసి, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఉజ్జాయింపుగా కోసెయ్యమన్నాను. పొట్టిదైతే పెద్ద గేరులో బిగుసుకుని వెనక గేర్లు మార్చే మెకానిజమంతా పీకేస్తుంది, పొడుగైతే వేలాడి జారిపోతుంది అన్నాడు. ఉన్నది ఒకటే చైను. తప్పు కోస్తే రేపు కొండ లేదు.

చాలాసేపటికి ఆయన పాత బుర్ర పని చేసింది. గొలుసు ఎంత కావాలో చూడాలంటే అది అన్నిటికన్నా బిగిసే చోటు చూడాలి, ఓడ మీదైనా అంతే అన్నాడు. ముందు పెద్ద చక్రమూ వెనక పెద్ద చక్రమూ, ఆ రెండింటి చుట్టూ చైను తిప్పాడు. కింద వేలాడే గేరు చక్రాల్ని కలపలేదు. రెండు కొసలూ కలిసిన చోటు నించి, ఆ చిన్న చక్రాల కోసం ఇంకో రెండు లింకులు ఎక్కువ వదిలాడు. గుర్తు పెట్టడానికి ఏమీ దొరక్కపోతే మా అక్క నుదుటి మీది స్టిక్కరు తీసి అక్కడ అంటించింది. ఎర్రటి బొట్టుతో చైను పెళ్లికూతురిలా కూర్చుంది. అప్పుడు పట్టుకుంది ఆయనకి భయం. పిన్ను మీద పనిముట్టు పెడతాడు, తీస్తాడు, మళ్లీ పెడతాడు.

"పాతది కోసినప్పుడు సెయ్యాగలేదు. ఇప్పుడేటి?" అంది మా అక్క.

"అది తెగిపోద్దని తెలుసే. ఇది సరిపోద్దో లేదో తెల్దు," అన్నాడు.

"నువ్వు కొలిసిన గొలుసు ఎప్పుడైనా తప్పిందేటి? కొయ్యి."

కోశాడు. కొసల్ని జాయింటు లింకుతో కలిపి సైకిలు నిలబెట్టాడు. అంతటితో వదిలేస్తే ఆయన మా బావ ఎందుకవుతాడు? మోసే బరువు కన్నా ఎక్కువ వేసి చూడాలట. నా చేత వెనక బ్రేకు పట్టించి, పెడలు మీద ఒంటికాలితో లేచి నిలబడ్డాడు. అది చాలదని మా అక్కని భుజాల మీద చేతులు వేసి కిందికి నొక్కమన్నాడు. టప్పుమని చప్పుడైంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా బావ మాత్రం నవ్వాడు. లింకు ఇప్పుడు కూర్చుంది, ఇక ఊడదు అన్నాడు. గేర్లన్నీ వేసి చూస్తే చైను ఎక్కడా బిగుసుకోలేదు, ఎక్కడా వేలాడలేదు.

పొద్దున్న మా అక్కని ఆటోలో ఎక్కించుకుని వెనకే వెళ్లాను. కింద మలుపులన్నీ బాగానే ఎక్కాడు. ఆఖరి మలుపు కనబడగానే మా అక్క నా చొక్కా వెనక పట్టుకుంది. అక్కడ రోడ్డు గోడలా లేస్తుంది. మా బావ వెనక పెద్ద చక్రంలోకి గేరు మార్చాడు, చైను కిమ్మనకుండా ఎక్కింది. అయినా మోకాలు మోకాలే. సైకిలు తూలింది. ఏటా లాగే కామరాజు పక్కకొచ్చాడు, చెయ్యి చాపాడు, ఆ చెయ్యి వీపుకి తగిలింది కూడా.

మా బావ తల తిప్పకుండానే అన్నాడు, ఆటోలో మాకు వినబడేలా.

"సెయ్యి తియ్యి కామరాజూ. నీ బాకీ ఎప్పుడో తీరిపోయింది. నన్నెక్కనీ."

కామరాజు చెయ్యి తీసేశాడు. తీసి, కాలు కింద పెట్టేసి రోడ్డు మధ్యలోనే ఆగిపోయి ముఖం తుడుచుకున్నాడు. మా బావ లేచి నిలబడి తొక్కాడు. ఒక్కో తొక్కుకీ ఒళ్లంతా వంగుతోంది, నోరు తెరుచుకునే ఉంది. అయినా చక్రం ఆగలేదు. మలుపు దాటింది. ఆ పైన చదును వచ్చింది. హారను మీద నుంచి చెయ్యి తీయడం నేను మర్చిపోయాను. ఆయనెంత గెలిచాడో అంత నేనూ గెలిచినట్టుంది, అబద్ధమెందుకు.

మేం పైకి వెళ్లేసరికి అందరూ దిగి నీళ్లు తాగుతున్నారు. మా బావ మాత్రం దిగలేదు. ఆ ఖాళీ స్థలంలో గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు, ఈసారి ఆయన చెయ్యి ఊపాడు కూడా. ఇంక దిగమని, మోకాలు పాడవుతుందని నేను కేకేశాను.

"దిగితే అయిపోద్ది బామ్మర్దీ. కాసేపు నన్నొగ్గెయ్," అన్నాడు నా పక్క నించి పోతూ.

మా అక్క నాలాగా గొంతు చించుకోలేదు. ఫొటోలు తీసుకుంటున్న ఎక్కడివాళ్లో నలుగురు పక్కనే ఉంటే, వాళ్ల దగ్గరికి నడిచి వెళ్లింది. వాళ్లు అడక్కుండానే వేలు పెట్టి చూపించి చెప్పింది, "అదిగో, ఆ సైకిలు మీదోడు మా ఆయన."